తల ఊపిన పది నిమిషాలు

కామారెడ్డి,
జనవరి 20, సోమవారం

ఎల్లారెడ్డి బస్టాండు పక్కన టైలరింగ్ దుకాణం నడిపే ఘనీ గారికి,

డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే నిహారిక నమస్కారాలు. కాలేజీ నుంచి ఉత్తరం అనగానే కంగారు పడకండి. మీ అమ్మాయి తహ్మీనా ఏ తప్పూ చేయలేదు. అసలు చిక్కంతా అదే. ఎక్కడ తప్పు పోతుందోనని అమ్మాయి నోరే విప్పడం లేదు.

చివరి సంవత్సరంలో నలభై ఇద్దరు పిల్లలున్నారు. ఇంగ్లీషు రాయమంటే అందరిలోకీ తహ్మీనాదే పైచేయి. మాట్లాడమంటే మాత్రం పెన్ను పడిపోయినట్టు బెంచీ కిందికి వంగి వెతుక్కుంటుంది. మొదటి సంవత్సరంలో ఒకసారి లేచి మాట్లాడబోతే వెనక బెంచీ వాళ్లు నవ్వారట. అప్పటి నుంచి ఇదే వరస. ఫిబ్రవరి 13న బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తారు. ఆయన ఎదుట ఒక్కొక్కరు ఐదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. మాట్లాడకపోతే తహ్మీనా ఆ పేపరు తప్పుతుంది, డిగ్రీ ఆగిపోతుంది.

అందుకని పిల్లలందరికీ ఒక హోంవర్కు ఇచ్చాను. రోజూ ఇంట్లో ఎవరో ఒకరి ఎదుట కూర్చుని పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. వినేవాళ్లకు ఇంగ్లీషు రానక్కర్లేదు. రాకపోతేనే పిల్లలకు భయం తక్కువ. వినేవాళ్లకు నియమాలు మూడే. నవ్వకూడదు, తప్పు దిద్దకూడదు, మధ్యలో అడ్డం రాకూడదు. అప్పుడప్పుడు తల ఊపితే చాలు. మీ ఇంట్లో ఎవరు వింటారని అడిగితే తహ్మీనా, "అబ్బాకు ఇంగ్లీషు రాదు మేడం, ఆయనైతేనే మంచిది" అంది. మీరు కాదనరని నమ్ముతూ,

నిహారిక

తా.క.: జవాబు కాగితం మీద రాసి పంపండి. ఫోన్లో సరేనన్న తల్లిదండ్రులు మర్నాటికి మరిచిపోతున్నారు.


ఎల్లారెడ్డి,
జనవరి 25, శనివారం

చదువు చెప్పే నిహారిక మేడం గారికి, గుడ్డ కత్తిరించే ఘనీ సలాం చేసి రాస్తున్నాడు. మీ దువాతో ఇక్కడ మేం ముగ్గురం, మిషన్లు రెండూ బాగున్నాం.

మీ ఉత్తరం నేను రెండుసార్లు చదువుకుని, మా ఆవిడ తాహేరాకు ఒకసారి చదివి వినిపించాను. పదకొండేళ్లు షార్జాలో కుట్టుపని చేసి వచ్చినవాణ్ణే గాని, ఇంగ్లీషు నాకు రాదు. అక్కడ దుకాణంలో అందరూ మనవాళ్లే, హిందీతోనే గడిచిపోయింది. తల ఊపడమైతే బాగా వచ్చు. ముప్పై ఏళ్లుగా గిరాకీలు చెప్పినదానికల్లా ఊపుతూనే ఉన్నాను.

మంగళవారం నాడే మొదలుపెట్టాం. తహ్మీనా బస్సు దిగి ఐదున్నరకు దుకాణానికి వస్తుంది. మిషన్లు ఆపేసి, ఎదురుగా స్టూలు వేసి, గోడ గడియారం చూసుకుని కూర్చున్నాను. మొదటి రోజు ఒక నిమిషం మాట్లాడింది. రెండో రోజు రెండున్నర. మూడో రోజు నాలుగు. నిన్న శుక్రవారం ఏకంగా ఏడు నిమిషాలు, మధ్యలో ఒక్కసారి ఆగి నీళ్లు తాగింది. ఇదంతా కొలతల పుస్తకంలో ఎక్కిస్తున్నాను. ఛాతీ, నడుము, పొడుగు రాసే గడుల్లో నిమిషాలు, ఆగిన సార్లు, నేను తల ఊపిన సార్లు రాస్తున్నాను. మేడం, మా బిడ్డకు ఇంత గొంతు ఉందని నాకు తెలియదు. పక్క దుకాణాల వాళ్లు బయటికి వచ్చి చూశారు. నాకైతే రాత్రి అన్నం కూడా సరిగ్గా దిగలేదు, అంత సంబరమైంది.

ఒక చిన్న సంగతి జరిగింది. అరుణ్‌కుమార్ అని మా పాత గిరాకీ ఒకాయన ప్యాంటు పొడుగు తగ్గించుకుందామని వచ్చి, మా బిడ్డ మాటలు వింటూ కిసుక్కున నవ్వాడు. మొదటి నియమం తప్పాడు కదా. అప్పటికి ఒక కాలే తగ్గించాను. ఆ ప్యాంటు అట్లాగే చేతిలో పెట్టి పంపించేశాను. ఇంకెవరూ అట్లా చేయకుండా మీ మూడు నియమాలను అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి, కత్తెర తగిలించే మేకుకు వేలాడదీశాను.

రెండో నియమం ఒక్కటే నాకు మింగుడుపడడం లేదు. కుట్టు వంకర పోతే అప్పటికప్పుడు విప్పాలని మా ఉస్తాదు చెప్పేవాడు. మా బిడ్డ కుట్టు మధ్యమధ్య వంకర పోతూనే ఉంది. మీరేమో పోనివ్వమంటున్నారు. సర్కారు హుకుం కనక నోరు మూసుకుని పాటిస్తున్నాను.

మీ మాట జవదాటని,
ఘనీ

తా.క.: కవరు అంటించలేదు, మిషను మీద కుట్టాను. తెచ్చేది తహ్మీనాయే కదా, బస్సులో విప్పి చదవకూడదని. కుట్టు తెగి ఉంటే తెలియజేయండి.

ఇంకో తా.క.: నిమిషానికి ఎన్నిసార్లు ఊపాలో మీరు రాయలేదు. నేను పన్నెండుసార్లు ఊపుతున్నాను. మెడ పట్టేసింది.


కామారెడ్డి,
ఫిబ్రవరి 3, సోమవారం

ఎల్లారెడ్డి మొత్తానికి మంచి శ్రోత అయిన ఘనీ గారికి నిహారిక నమస్కారాలు.

ఈ రోజు క్లాసులో ఏం జరిగిందో చెబితే మీరు నమ్మరు. ఎవరూ పిలవకుండానే తహ్మీనా లేచి నిలబడింది. పదకొండు వాక్యాలు మాట్లాడింది. వేళ్లు మడిచి నేనే లెక్కపెట్టాను. ఎనిమిదింట్లో తప్పులున్నాయి, ఒక్కటీ దిద్దలేదు. మాట్లాడి కూర్చోగానే వెనక బెంచీ వాళ్లు చప్పట్లు కొట్టారు. సంతోషం పట్టలేక నా చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది.

మీ ఉస్తాదు మాట తప్పని నేననను. కాని షేర్వానీ కుట్టేటప్పుడు మీరు ముందు కచ్చా కుట్టు వేసి ట్రయలు చూస్తారు కదా. ఇంకా తొడిగి చూడకముందే ప్రతి కుట్టూ విప్పుతూ కూర్చుంటే గుడ్డకు చిల్లులు తప్ప ఏమీ మిగలదు. ముందు మాట వదులుగా, వంకరగా, ఎట్లా వస్తే అట్లా బయటికి రావాలి. పక్కా కుట్టు పని నాది. పిల్లలు మాట్లాడుతుంటే తప్పులు నా పుస్తకంలో రాసుకుంటాను. శనివారం ఒక్కొక్కరినీ పిలిచి రెండే చెబుతాను. మూడోది చెప్పను. చెబితే మొదటి రెండూ మరిచిపోతారు, పైగా సోమవారం నోరు తెరవరు. ఇది నాకు అనుభవం మీద తెలిసింది.

ఇంకొక మాట. ఇది సర్కారు హుకుం కాదు, నా విన్నపం మాత్రమే. అరుణ్‌కుమార్ గారి రెండో కాలు కూడా దయచేసి తగ్గించండి. ఆయన మా కాలేజీ గుమాస్తాకు బావమరిది అట. ఈ ఉదయం ఆఫీసు గదిలో నిలబడి రెండు కాళ్లూ అందరికీ చూపించారు.

సంతోషంతో,
నిహారిక

తా.క.: నిమిషానికి మూడుసార్లు చాలు.

ఇంకో తా.క.: అసలు శుభవార్త రాయడం మరిచాను. తహ్మీనా చెప్పిన చివరి వాక్యాలు ఏమిటంటే, హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఎమ్మే ఇంగ్లీషు చదివి నాలాగా లెక్చరర్ అవుతుందట. అడగగానే మీరు ఒప్పుకున్నారట. అంత తొందరగా ఒప్పుకున్న తండ్రిని నేనింతవరకు చూడలేదు. అభినందనలు. ఫారం జతచేస్తున్నాను, నెలాఖరు వరకే గడువు.


ఎల్లారెడ్డి,
ఫిబ్రవరి 4, మంగళవారం

నిహారిక మేడం గారికి ఘనీ సలాం. ఈసారి మిషన్లు రెండే బాగున్నాయి, మేం బాగా లేము.

అలవాటు ప్రకారం మీ ఉత్తరం తాహేరాకు పైకి చదివి వినిపించాను. ఆ రెండో తా.క. చదివేశాక గాని ఏం చదివానో నాకు తెలియలేదు. ఇప్పుడు తాహేరా నా పక్కనే కూర్చుంది. రాసిన ప్రతి వాక్యం ఆమెకు చదివి వినిపించి, సరేనంటేనే తరవాతిది రాస్తున్నాను.

మేడం, నేను దేనికీ ఒప్పుకోలేదు. తల ఊపాను, అంతే. ఊపమన్నది మీరు. ఊపితే అది హోంవర్కు అవుతుందా, ఒప్పుకోలు అవుతుందా? ఇది తాహేరా అడగమన్న ప్రశ్న. ఆమె ఇంకా ఏమంటోందంటే, "బిడ్డ పేరు మీద లేడీస్ మిషను తెచ్చినం. బోర్డు రాయించినం, రంగు గూడ ఆరలే. గిప్పుడు హైదరాబాద్ అంటే ఎట్ల?" అంటోంది. ఆ మిషను, ఆ బోర్డు నిజమే. డిగ్రీ కాగానే తహ్మీనా దుకాణంలో ఆడవాళ్ల బట్టల పని చూసుకోవాలని తాహేరా రెండేళ్లుగా ఆశపడుతోంది. ఇంట్లో ఈ సంగతి ఎన్నిసార్లు ఎత్తినా తహ్మీనా కాదనలేదు, ఔననలేదు. మీరు దానికి మాట నేర్పారు, అది కాస్తా ఇట్లా బయటపడింది.

మరో కష్టం వచ్చి పడింది. ఇంగ్లీషులో ఏం చెప్పినా ఘనీ తల ఊపుతాడని ఊరంతా పాకింది. ఆదివారం నగేశ్ అనే కుర్రవాడు వచ్చి, స్టూలు మీద కూర్చుని రెండు నిమిషాలు ఇంగ్లీషు దంచాడు. అట్ట మీద నియమాలు రాసి పెట్టిందే నేను కదా, వాటి ప్రకారమే ఊపాను. వాళ్ల అన్న పెళ్లికి శుక్రవారంకల్లా మూడు షేర్వానీలు కుట్టి ఇస్తానని ఒప్పుకున్నానట. సాక్షులను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు.

కనక ఈ రెండు వారాల్లో మా బిడ్డ నన్ను ఏమేం అడిగిందో, నేను ఏమేం ఇచ్చేశానో, ఒక కాగితం మీద వరసగా రాసి పంపవలసిందిగా కోరుతున్నాను.

భార్య సమక్షంలో,
ఘనీ

తా.క.: ఈసారి కవరు తాహేరా కుట్టింది, రెండు వరుసలు వేసింది. ఆమె కుట్టు నా కుట్టు కంటే గట్టిది. విప్పేటప్పుడు బ్లేడుతో జాగ్రత్త.


కామారెడ్డి,
ఫిబ్రవరి 10, సోమవారం

ఘనీ గారికి, తాహేరా గారికి చేతులు జోడించి నిహారిక రాస్తున్నది.

తప్పు నాదే. అర్థం కానివాళ్లు వింటే పిల్లలకు భయం ఉండదనుకున్నాను గాని, భయం లేని పిల్లలు ఏమేం అడుగుతారో ఆలోచించలేదు. మీ ఒక్క ఇంట్లోనే కాదు, క్లాసు క్లాసంతా ఇదే పని చేసింది. నాగిరెడ్డిపేట నుంచి రామవ్వ గారు మొన్న బస్సెక్కి వచ్చారు. మనవడు నవీన్ గోవా పోతానంటే ఆవిడ తల ఊపారట, వాడు సంచీ సర్దుకున్నాక గాని సంగతి తెలియలేదు. "గోవా అంటే బాన్సువాడ దాటినంకనా బిడ్డా?" అని నన్ను అడిగారు. సదాశివనగర్ దేవన్న గారు మోటారు సైకిలుకు ఊపారు. భూదవ్వ గారు దేనికి ఊపారో ఆమెకు తెలియదు, కొడుకు చెప్పడం లేదు, రోజూ నాకు ఫోన్ చేస్తున్నారు.

ప్రిన్సిపాల్ గారు వచ్చే శనివారానికి తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ఈ వినే హోంవర్కు వల్ల మేలు జరిగిందని ఒక్క తల్లి గాని తండ్రి గాని రాసి ఇస్తేనే సాగనిస్తామని, లేకపోతే అందరితో వ్యాకరణం బట్టీ పట్టించమని అన్నారు. ఇప్పటివరకు అటువంటి కాగితం ఒక్కటీ రాలేదు.

మీరడిగిన జాబితా నేను రాయలేను. తహ్మీనా మీతో ఏం చెప్పుకుందో అది మీ ఇద్దరిదీ. మీకు అర్థం కాలేదని, తల ఊపడం ఒప్పుకోలు కాదని మాత్రం అమ్మాయికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆ రోజు నుంచి మళ్లీ బెంచీ కింద పెన్ను వెతుక్కుంటోంది. పరీక్ష గురువారమే. నేనూ బిచ్కుందలో మరాఠీ, కన్నడం, తెలుగు కలగలిపి మాట్లాడుతూ పెరిగినదాన్నే. డిగ్రీలో ఏడాదిన్నర పాటు ఇంగ్లీషులో నోరు విప్పలేదు. ఆ నరకం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, అందుకే ఇంతగా వెంటపడుతున్నాను. హైదరాబాదు సంగతి మీ ఇష్టం. గురువారం దాకా మాత్రం ఆ స్టూలు తీయకండి.

నిహారిక

తా.క.: బ్లేడుతో జాగ్రత్త అని మీరు రాసిన మాట సమయానికి అందలేదు, అది కవరు లోపల ఉంది. వేలికి కట్టు కట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.


ఎల్లారెడ్డి,
ఫిబ్రవరి 13, గురువారం సాయంత్రం

నిహారిక మేడం గారికి ఘనీ సలాం. మీ వేలు మానిందని తలుస్తాను. ఈ ఉత్తరాన్ని శనివారం సమావేశంలో అందరి ఎదుట చదవండి. ఇది ఎవరూ పక్కన కూర్చుని రాయించింది కాదు.

మంగళవారం ఐదున్నరకు తహ్మీనా వచ్చి స్టూలు మీద కూర్చుంది. మాట్లాడలేదు. గడియారంలో ఐదు నిమిషాలు గడిచాయి. తల ఊపుదామన్నా ఊపడానికి ఏమీ లేదు. దాని మొహం చూసి ఇక ఉండబట్టలేక నేనే మొదలుపెట్టాను. ఇంగ్లీషులో.

మేడం, నాకు ఇంగ్లీషు వచ్చు. షార్జాలో మా దుకాణానికి వచ్చేవాళ్లలో సగం మందికి హిందీ రాదు. ఫిలిప్పీన్స్ నర్సులు, ఆఫ్రికా డ్రైవర్లు, ఎవరితోనైనా ఇంగ్లీషే. పుస్తకం పట్టకుండా, చేతిలో టేపు పట్టుకుని నేర్చుకున్నాను. వదులుగా కావాలా బిగువుగా కావాలా అని రోజుకు వందసార్లు అడిగేవాణ్ణి. ఎవరూ నవ్వలేదు, అందరికీ బట్టలు సరిపోయాయి.

తిరిగి వచ్చిన వారమే, అన్నం తింటూ తహ్మీనాతో ఇంగ్లీషులో మాట్లాడాను. అప్పుడు దానికి పదేళ్లు. ఇంగ్లీషు మీడియం బిడ్డ కదా, మురిసిపోతుందనుకున్నాను. అది పళ్లెం పక్కకు నెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. తరవాత నా మాటను నాలుగుసార్లు దిద్ది నాతో అప్పజెప్పించింది. పసిపిల్ల, దాని తప్పేమీ లేదు. అది ఎప్పుడో మరిచిపోయింది కూడా. నాకే సిగ్గేసింది. ఆ రోజు మూసిన నోరు పదేళ్లు తెరవలేదు. అబ్బాకు ఇంగ్లీషు రాదని ఇంట్లో అనుకున్నారు, నేనూ అదే అన్నాను, మీకూ అదే రాశాను. ఇంగ్లీషు రానివాడికి కుట్టు వంకర పోతోందని ఎట్లా తెలిసిందని మీరు అడగలేదు, బతికిపోయాను. మీ మొదటి ఉత్తరంలో మొదటి నియమం చదివిన రోజు, దుకాణం షట్టరు సగం దించి లోపల ఒక్కణ్ణే కూర్చున్నాను. చాలా దుఃఖం వచ్చింది.

ఇదంతా మంగళవారం తహ్మీనాకు ఇంగ్లీషులోనే చెప్పాను. పది నిమిషాలనుకున్నది ఇరవై అయింది. ఎన్ని తప్పులు పోయాయో ఆ అల్లాకే తెలుసు. అది నవ్వలేదు, దిద్దలేదు, అడ్డం రాలేదు. ఏడ్చింది. ఏడవకూడదని నియమం లేదు కదా. కళ్లు తుడుచుకుని, "గట్లయితే నేను హైదరాబాద్ పోత అన్నప్పుడు నీకు సమజైందా అబ్బా?" అని అడిగింది.

"సమజైనంకనే ఊపిన బిడ్డా" అన్నాను.

నాలుగో రోజు మధ్యలో ఆగి నీళ్లు తాగిందని రాశాను కదా, ఆ మాట అడగడానికే తాగింది. మరి ఫిబ్రవరి నాలుగున అట్లా ఎందుకు రాశానంటే, పక్కన తాహేరా ఉంది. ఆమె ముందు పదేళ్ల గుట్టు విప్పడానికి ధైర్యం చాలలేదు. నగేశ్ షేర్వానీలు అడిగినప్పుడు కూడా నాకు శుభ్రంగా అర్థమైంది. కాదంటే బండారం బయటపడుతుందని మూడూ కుట్టి ఇచ్చాను. అరుణ్‌కుమార్ రెండో కాలు కూడా తగ్గించాను.

మేమిద్దరం దుకాణంలో కళ్లు తుడుచుకుంటుంటే తాహేరా పరుగున వచ్చి ఎవరు పోయారని అడిగింది. అంతా చెప్పాను. తహ్మీనా స్టూలు మీద కూర్చుని అంతా విన్నది. చివరికి, "ఇన్నేండ్ల సంసారంల గిదొక్కటేనా దాచింది, ఇంకేమన్న ఉన్నదా?" అంది. లేదని ఒట్టు పెట్టాను. తెల్లారి దుకాణం తెరవగానే వచ్చి ఆ లేడీస్ మిషను ముందు తనే కూర్చుంది. నిన్న రాత్రికల్లా రెండు జాకెట్లు పూర్తి చేసింది. హైదరాబాదు గురించి సరేనని నోటితో అనలేదు గాని, హాస్టల్లో దుప్పటి వాళ్లే ఇస్తారా, మనం పంపాలా అని కనుక్కోమంది.

ఇక ఈ రోజు పరీక్ష. బస్సు దొరకదని తహ్మీనా మీకు కనబడకుండానే పరుగెత్తి వచ్చేసిందట, అందుకని నేనే రాస్తున్నాను. లోపలికి పోగానే పెన్ను పడిపోయినట్టు కిందికి వంగబోయిందట. అప్పుడు ఎగ్జామినర్ గారు, ఇంట్లో ఎవరితో ఇంగ్లీషు మాట్లాడతావని అడిగారట. మా అబ్బాతో అని మొదలుపెట్టి, షార్జా నుంచి ఎల్లారెడ్డి దాకా చెప్పుకుంటూ పోయిందట. ఐదు నిమిషాలకు ఆపాల్సిన ఆయన తొమ్మిది నిమిషాలు విన్నారు. చివర్లో తలుపు దాకా వచ్చి, మీ నాన్న దుకాణం ఎక్కడమ్మా అని అడిగి రాసుకున్నారట. నాకు కాళ్లు భూమ్మీద ఆనడం లేదు మేడం.

ప్రిన్సిపాల్ గారికి రాసి ఇస్తున్నది ఏమంటే: నా కూతురు తహ్మీనా హైదరాబాదులో ఎమ్మే చదువుకుంటానని జనవరి 24న ఇంగ్లీషులో అడిగింది. పూర్తిగా అర్థం చేసుకునే తల ఊపాను. కూర్చుని విన్నందువల్ల దానికి మాట వచ్చింది, నాకు పోయిన మాట తిరిగి వచ్చింది. ఈ హోంవర్కు ఆపకండి. నింపిన ఫారం ఇందులోనే ఉంది, తల్లి సంతకం కూడా ఉంది.

ఇంగ్లీషు వచ్చిన దర్జీ,
ఘనీ

తా.క.: ఇక రోజూ పది నిమిషాలు నేను మాట్లాడాలట, తహ్మీనా వింటుందట. నా తప్పులు కొలతల పుస్తకంలో రాసుకుంటోంది. పొద్దున ఆ పుట తెరిచి చూశాను, ఛాతీ, నడుము, పొడుగు గడులు మూడూ నిండిపోయి పక్క గిరాకీ పుటలోకి పోయాయి. శనివారం రెండే చెబుతుందట. మిగిలినవి ఎప్పుడు చెబుతావంటే, "అవన్నీ నేను ఎమ్మే అయినంక చెప్త అబ్బా, నువ్వైతే మాట్లాడు" అంది.